53 ఏళ్ల చర్మానికి ఏవి రాయాలి, ఏవి మానాలి? ఫౌండేషన్ ముడతల్లోకి దిగిపోతోంది

తెల్లమల్లె:

వయసు 53, ముట్లుడిగి రెండేళ్లు. చామనఛాయ. ముక్కు మీద ఇంకా కాస్త జిడ్డు ఉంది కానీ బుగ్గలు మాత్రం కడుక్కున్న పది నిమిషాలకే బిగుసుకుపోతున్నాయి. చెంపల మీద మంగు, కళ్ల కింద నలుపు, మూతి చుట్టూ సన్నగీతలు.

ఆరు వారాలుగా వాడుతున్నవి ఇవి. ఉదయం నురగ వచ్చే ఫేస్‌వాష్, గ్లైకాలిక్ ఆసిడ్ 7 శాతం టోనర్, విటమిన్ సి 15 శాతం సీరం, జెల్ మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. ఆ పైన ప్రైమర్, మ్యాట్ ఫౌండేషన్, పౌడర్, కాటుక. రాత్రి అదే ఫేస్‌వాష్, అదే టోనర్, రెటినాల్ 1 శాతం, హైలురోనిక్ సీరం, జెల్.

ఇప్పుడు ఏది రాసినా చుర్రుమంటోంది. ముక్కు పక్కల పొట్టు లేస్తోంది. ఫౌండేషన్ వేసుకున్న రెండు గంటలకి గీతలన్నీ పెన్సిల్‌తో గీసినట్టు కనిపిస్తున్నాయి, బుగ్గలు పిండి పూసినట్టు ఉంటున్నాయి. కాటుక మధ్యాహ్నానికి కింది రెప్ప దాటి దిగుతోంది.

వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, ఏ వరసలో వాడాలి? మేకప్ పూర్తిగా మానెయ్యాల్సిన పని లేకుండా దారి ఉందా?

కొలతచెంచా:

ముందు మంట సంగతి చూద్దాం. ఫౌండేషన్ తేలిపోవడానికి కూడా సగం కారణం అదే. మామూలు మాయిశ్చరైజర్ రాసినా చుర్రుమంటోందంటే తప్పు మాయిశ్చరైజర్‌ది కాదు. చర్మం పై పొరను ఇటుకల గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, వాటి మధ్య అడుసులా సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఆ అడుసు కరిగిపోయింది. లోపలి తేమ బయటికి పోతోంది, బయట రాసింది నరాల దాకా దిగుతోంది.

మీ వరసలో ఒక్క రోజులో ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టండి. గ్లైకాలిక్ రెండుసార్లు, పుల్లటి విటమిన్ సి ఒకసారి, రెటినాల్ అందులోనూ గట్టిది ఒకసారి, నురగ ఫేస్‌వాష్ రెండుసార్లు. పాతికేళ్ల చర్మమే దీనికి తట్టుకోవడం కష్టం. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ పడిపోవడంతో నూనె తగ్గుతుంది, మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని లెక్క. పైగా పై పొర కొత్తదవడానికి యవ్వనంలో నెల పట్టేది ఇప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే గీసుకుపోయిన చోటు మానడానికి కూడా ఎక్కువ రోజులు కావాలి.

కాబట్టి నాలుగు వారాలు టోనర్, విటమిన్ సి, రెటినాల్, హైలురోనిక్ అన్నీ మూసి పక్కన పెట్టండి. మూడే వస్తువులు ఉంచుకోండి.

ఉదయం ఫేస్‌వాష్ అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లు చాలు. రాత్రి నురగ తక్కువ వచ్చే, వాసన లేని, సబ్బు కాని క్లెన్సర్. సబ్బు పీహెచ్ (పులుపుదనం కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 9, 10 మధ్య ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. సబ్బుతో కడిగిన ప్రతిసారీ చర్మం ఆ పులుపుదనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి గంటలకొద్దీ కష్టపడుతుంది. ముఖం తుడిచాక "కిర్రుమనేంత శుభ్రం" అనిపిస్తే ఆ క్లెన్సర్ మీకు పనికిరాదు.

జెల్ బదులు క్రీమ్ తీసుకోండి. డబ్బా మీద గ్లిజరిన్, సెరమైడ్లు కనిపించాలి, సువాసన ఉండకూడదు. తుడిచాక ముఖం ఇంకా కొంచెం తడిగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు రాయాలి. రాత్రి బుగ్గలు అప్పటికీ బిగుసుకుంటే క్రీమ్ పైన పెట్రోలియం జెల్లీ బియ్యపు గింజంత తీసుకుని వేళ్ల మధ్య కరిగించి, బుగ్గల మీద, ముక్కు పక్కల పొట్టు లేచే చోట అద్దండి. అది తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు. అందుకే ఎప్పుడూ చివర్న. హైలురోనిక్ మీకు ఎందుకు కలిసిరాలేదో కూడా ఇక్కడే ఉంది. అది నీటిని పట్టుకుంటుంది కానీ మూత వెయ్యదు. పొడి ముఖం మీద రాసి పైన పల్చటి జెల్‌తో వదిలేస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది.

మూడోది సన్‌స్క్రీన్. ముడతల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది ఇదే అని నా నమ్మకం. ఇది పనిచేస్తుందన్నది మాత్రం పరీక్షించి తేల్చిన విషయం. ఆస్ట్రేలియాలో 55 ఏళ్ల లోపు వాళ్లతో నాలుగున్నరేళ్లు నడిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ తప్పకుండా సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో చర్మం ముదరడం, ఇష్టమొచ్చినప్పుడు రాసినవాళ్లకన్నా 24 శాతం తక్కువగా కనిపించింది. ఏ సీరమూ కాదు, మామూలు సన్‌స్క్రీనే.

అయితే కొలత ముఖ్యం. డబ్బా మీది అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి పరీక్షిస్తే వచ్చినది. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు ఆ కొలత వస్తుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కందించే యూవీబీ ఎండ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా చిన్నదే, కానీ తక్కువ రాసే అలవాటుకి 50 కాస్త ఆసరా. చర్మాన్ని ముదరబెట్టే యూవీఏ కిరణం కిటికీ అద్దం దాటి వస్తుంది కాబట్టి ఇంట్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఒకేసారి అంతా రాస్తే తెల్లగా తేలుతుందనుకుంటే ఒక వేలు రాసి, రెండు నిమిషాలాగి రెండోది రాయండి.

క్రీమ్ రాసినప్పుడు వరసగా పది రోజులు ఏ మంటా లేకపోతే గోడ నిలబడినట్టు. అప్పుడు ఒక్కొక్కటీ తిరిగి తెచ్చుకోండి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెట్టకండి. ఏది పడలేదో తెలియకుండా పోతుంది.

మొదటిది నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) 4 లేదా 5 శాతం, ఉదయం. గోడ కట్టడానికీ, మంగుకీ రెండిటికీ కొంత ఉపయోగపడుతుంది, మంట తక్కువ. మూడు వారాలు చూశాక రెటినాల్.

రెటినాల్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే జనం దీన్ని వదిలేసేది దీని తప్పువల్ల కాదు, మొదలుపెట్టే తీరువల్ల. ఎండకి ముదిరిన చర్మం మీద ట్రెటినాయిన్ అనే విటమిన్ ఎ మందు పనిచేస్తుందని అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో చూపించింది. 1995లో సన్న ముడతలకి దాని 0.05 శాతం క్రీమును అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. రెటినాల్ దానికి దూరపు చుట్టం. చర్మంలోకి వెళ్లాక ముందు రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినాయిక్ ఆసిడ్‌గా మారితేనే పని మొదలవుతుంది, అందుకే నెమ్మది. నెమ్మది అంటే మెత్తన అని కాదు. 1 శాతంతో మొదలుపెట్టడం ఈత రాకుండా లోతుకి దిగడం లాంటిది.

0.2 లేదా 0.3 శాతంది కొనండి. వారానికి రెండు రాత్రులు, సోమ, గురువారాలు అనుకోండి. కడిగి తుడిచాక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి ముఖం పూర్తిగా ఆరాక రాయాలి. తడి మీద ఎక్కువ లోపలికి దిగి మంట పెడుతుంది. ముందుగా ముక్కు పక్క మూలల్లో, మూతి చివర్లలో, కంటి బయటి కొసల్లో పెట్రోలియం జెల్లీ అద్దండి. మీకు పొట్టు లేచింది సరిగ్గా అక్కడే, ఎందుకంటే వేలితో లాగిన మందంతా ఆ గుంటల్లో పోగవుతుంది. పల్చగా క్రీమ్ రాసి, ఐదు నిమిషాలాగి, ముఖం మొత్తానికి బఠాణీ గింజంత రెటినాల్ తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఐదు చుక్కలు పెట్టి పరచండి. పైన మళ్లీ క్రీమ్. నాలుగు వారాలు ఇబ్బంది లేకపోతే వారానికి మూడు, ఆ తర్వాత రోజు విడిచి రోజు. అంతకన్నా ఎక్కువ అవసరమని నేననుకోను. తేడా కంటికి కనిపించడానికి మూడు నెలల నుంచి ఆరు నెలలు. పొట్టు లేస్తే రాత్రులు తగ్గించండి, స్క్రబ్ మాత్రం ముట్టుకోవద్దు. ఇది చదివేవాళ్లలో ఇంకా నెలసరి వస్తున్నవాళ్లుంటే, గర్భంతో ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా రెటినాయిడ్లు (రెటినాల్, ట్రెటినాయిన్ లాంటివి) వద్దు.

విటమిన్ సి ఉంచుకోవచ్చు, కానీ చివర్న. ఆస్కార్బిక్ ఆసిడ్ చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండాలి, కాబట్టి ఎంత మంచిదైనా కొంత చురుకుతుంది. సీసాలోది ముదురు నారింజ లేదా గోధుమ రంగుకి తిరిగితే పారేయండి. గ్లైకాలిక్ నేనైతే మీ వరసలోంచి పూర్తిగా తీసేస్తాను. నునుపు కావాలంటే లాక్టిక్ ఆసిడ్ 5 శాతం, వారానికొక్కసారి, రెటినాల్ లేని రాత్రి.

కొలాజెన్ క్రీములకి డబ్బు పెట్టకండి. కొలాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం). చర్మం గోడ దాటగలిగేవి సాధారణంగా 500 డాల్టన్ల లోపువి. పైన కూర్చుని తేమ పడుతుంది, అంతే, ఆ పని గ్లిజరిన్ చేస్తుంది. అలాగే దవడ కింద జారిన చర్మాన్ని ఏ క్రీమూ పైకి లేపదు. జారడం చాలావరకు లోపలి కొవ్వు, ఎముక, కండ తగ్గడంవల్ల వచ్చేది, అది పై పొర సమస్య కాదు. ఈ మాట ముందే తెలిస్తే చాలా సీసాలు కొనకుండా మిగులుతాయి.

బ్రష్‌పెట్టె:

పైన చెప్పిన నాలుగు వారాలూ మేకప్ మానక్కర్లేదు, పొట్టు లేచిన చోట మాత్రం వేయకండి. పొట్టు మీద ఏ ఫౌండేషన్ వేసినా ఆ పొట్టుకే అతుక్కుని ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది.

మీ బుగ్గలు పిండిలా కనపడటానికి కారణం సూటిగా చెప్పొచ్చు. మ్యాట్ ఫౌండేషన్‌లో జిడ్డు పీల్చే పొడులుంటాయి. మీ బుగ్గల మీద పీల్చడానికి జిడ్డు లేదు. ఉన్న కాస్త తేమా పీల్చేసి పొడి మిగిలిపోతుంది. దాని మీద మళ్లీ పౌడర్ వేస్తున్నారు. ఆ తర్వాత నవ్వినప్పుడల్లా చర్మం ముడుచుకుని విప్పుకుంటుంది, పొడి మాత్రం విప్పుకోదు, మడతలోనే పేరుకుంటుంది. మీరు "పెన్సిల్ గీత" అన్నది అదే.

శాటిన్ ముగింపు ఉన్నది (మరీ మెరవదు, మరీ మ్యాట్ కాదు), లేదా సీరంలా పల్చగా ఉండేది తీసుకోండి. క్రీమ్ రాశాక ఐదు నిమిషాలు, సన్‌స్క్రీన్ రాశాక పది పదిహేను నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే అందరూ ఎగ్గొట్టేది. ఆరకుండా పైన వేసి రుద్దితే పెన్సిల్ రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులా ఉండలు కట్టి లేచిపోతుంది, దానితో సన్‌స్క్రీన్ కూడా పోతుంది. ఆగాక ఒక పొర టిష్యూ ముఖం మీద పరిచి అరచేతులతో ఒత్తి తీసేయండి. సిలికాన్ ప్రైమర్ ముక్కు మీద రంధ్రాలున్న చోట మాత్రం చాలు, బుగ్గలకి వద్దు.

ఫౌండేషన్ మొత్తం ముఖానికి బఠాణీ గింజన్నర. ముక్కు పక్కల, చెంపల మధ్య, గడ్డం మీద చుక్కలు పెట్టి, నీళ్లలో తడిపి గట్టిగా పిండేసిన స్పాంజితో అద్దుకుంటూ బయటికి వెళ్లండి. నుదుటికీ దవడ అంచుకీ స్పాంజికి మిగిలింది చాలు. మచ్చలున్న చోట ఇంకో పల్చటి పొర వేయండి. ముఖమంతా మందంగా వేయడంకన్నా అవసరమైన చోట రెండు పొరలు ఎప్పుడూ సహజంగా కనిపిస్తాయి. ఇక గీతల విషయంలో చేయాల్సిన ఒక్క పని. అయిపోయాక అద్దంలో చూస్తూ పెద్దగా నవ్వండి, కళ్లు చిట్లించండి. అప్పుడు ఏ మడతల్లో ఫౌండేషన్ పోగైందో కనిపిస్తుంది. ముఖం మామూలుగా పెట్టి శుభ్రమైన ఉంగరపువేలితో ఆ మడత వెంట అద్ది ఎక్కువైంది తీసేయండి. ఆ తర్వాతే పౌడర్, అదీ చిన్న బ్రష్‌తో ముక్కు పక్కల, గడ్డం మీద. పఫ్ వద్దు. కళ్ల కింద అసలు వద్దు.

రంగు ఎంచుకునేటప్పుడు చేతి మీద కాదు, దవడ అంచు మీద మూడు గీతలు గీసి పగటి వెలుతురులో చూడండి. పది నిమిషాలాగి మళ్లీ చూడండి, చాలా ఫౌండేషన్లు ఆరాక ఒక ఛాయ ముదురుతాయి. చామనఛాయ మీద బూడిద రంగు తేలుతోందంటే రంగు లేతదైనా అయ్యుండాలి, లేదా పసుపు, బంగారు ఛాయ కావాల్సిన చోట గులాబీ ఛాయ తీసుకున్నారన్న మాట.

కళ్ల కింద నలుపుకి జనం చేసే పొరపాటు రెండు ఛాయలు లేత కన్సీలర్ మూడు కోణాల ఆకారంలో పూయడం. నలుపు మీద లేత రంగు పడితే బూడిదలా తేలుతుంది. మీ రంగుకి ముందు నారింజ కలిసిన పీచ్ కరెక్టర్ కావాలి. నారింజ ఆ నీలపు నలుపుని కొట్టేస్తుంది. గడ్డం కొంచెం దించి పై కళ్లతో అద్దంలో చూడండి. ముక్కు మూల నుంచి ఏటవాలుగా దిగే ఒక గాడి కనిపిస్తుంది. కరెక్టర్ ఆ గాడిలో, బియ్యపు గింజంత, అంతే. పైన మీ చర్మపు రంగు కన్సీలర్ పల్చగా. కంటి కింద సంచిలా ఉబ్బి ఉంటే ఆ ఉబ్బు మీద ఏమీ వేయొద్దు, వెలుతురు పడి ఇంకా ముందుకొస్తుంది. ఉబ్బు కింద పడే నీడ గీత మీదే వేయాలి.

బ్లష్ క్రీమ్‌ది. నవ్వితే పైకి లేచే బుగ్గ గుండ్రం మీద వేస్తే నవ్వు తగ్గాక రంగు కూడా కిందికి దిగి ముఖం వాలినట్టు కనిపిస్తుంది. ముక్కుకి రెండు వేళ్ల దూరంలో మొదలుపెట్టి ఎముక మీదుగా చెవి పైభాగం వైపు తీసుకెళ్లండి.

కాటుక దిగేది దాని నాణ్యతవల్ల మాత్రమే కాదు. కంటి కింద రాసిన క్రీము, సన్‌స్క్రీను నూనె దాన్ని కరిగిస్తుంది, కింది రెప్ప తడి తోస్తుంది. ముందు కింది రెప్ప అంచుని కాటన్ బడ్‌తో తుడిచి పొడిగా చేయండి. కాటుక పై రెప్ప వెంట్రుకల కుదుళ్ల మధ్య చుక్కలుగా పెట్టండి. కన్ను తీర్చినట్టు కనిపిస్తుంది, జారదు. కింద కావాలంటే వెంట్రుకల బయట ముదురు గోధుమ రంగు మ్యాట్ షాడో సన్న బ్రష్‌తో. రెప్పను పక్కకి లాగి గీయకండి, వదిలేసరికి గీత వంకర తిరుగుతుంది. రెప్ప పైన చర్మం వాలి ఉంటే కన్ను తెరిచి ఎదురుగా చూస్తూ, మడతకి కొంచెం పైన షాడో గుర్తు పెట్టుకోండి. కన్ను మూసి వేసిన రంగు తెరవగానే మడత లోపల దాక్కుంటుంది. మెరుపు షాడో నలిగిన రెప్ప మీద ప్రతి గీతనీ చూపిస్తుంది, మ్యాట్ మేలు.

తెల్లమల్లె:

చాలా చాలా థాంక్సండీ, ఇద్దరికీ. టోనర్, రెటినాల్ ఈ రాత్రే ఆపేస్తున్నాను. ఇంకో మూడు అడగొచ్చా? నెలకోసారి కనుబొమలు, పై పెదవి థ్రెడింగ్ చేయించుకుంటాను, రెటినాల్‌తో ఇబ్బందా? ఒంట్లోంచి వేడి ఆవిర్లు వచ్చి చెమట పోసినప్పుడు మేకప్ ఏం చేయాలి? మంగుకి ఇవి సరిపోతాయా? నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట కూడా ఈమధ్య నల్లబడుతోంది, జుట్టుకి రంగు వేసుకుంటాను.

కొలతచెంచా:

థ్రెడింగ్‌కి ఐదు నుంచి ఏడు రోజుల ముందు రెటినాల్ ఆపండి, అయ్యాక చర్మం చల్లబడి ఎరుపు పోయేదాకా, కనీసం మూడు రోజులు, మొదలుపెట్టకండి. ఆ రాత్రి క్రీమ్, పెట్రోలియం జెల్లీ మాత్రమే. వ్యాక్సింగ్ మాత్రం రెటినాయిడ్ వాడే ముఖం మీద చేయించుకోవద్దు. రెటినాయిడ్ పై పొరను పల్చన చేస్తుంది, వెంట్రుకతో పాటు చర్మం కూడా ఊడొస్తుంది. మీ రంగు చర్మం మీద అలా ఊడిన చోట నెలల తరబడి నల్ల మచ్చ మిగులుతుంది.

జుట్టు అంచు నలుపు సంగతి చెప్పగలిగేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకి వదిలేస్తున్నాను.

నీడపట్టు:

మంగు విషయంలో పైన చెప్పినదానికి ఒక సవరణ. ఎస్‌పీఎఫ్ 50 అయినా రంగులేని సన్‌స్క్రీన్ మంగుకి చాలదు. చామనఛాయ చర్మంలో మంగుని కంటికి కనిపించే వెలుతురు, ముఖ్యంగా నీలి కాంతి కూడా ముదురు చేస్తుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే రంగు కలిసిన సన్‌స్క్రీన్. డబ్బా మీద పదార్థాల్లో ఐరన్ ఆక్సైడ్స్ అని ఉందో లేదో చూడండి. పూర్తి కొలతలో రాస్తే అదే సగం ఫౌండేషన్ పని చేస్తుంది, కాబట్టి ఒక పొర తగ్గుతుంది కూడా. మంగుకి వేడి కూడా పడదు. ముఖానికి ఆవిరి పట్టడం మానండి.

మందుల్లో అజెలాయిక్ ఆసిడ్ మీ వయసుకి నాకు నచ్చినది, కొంచెం దురద పెట్టినా గోడని పాడుచేయదు. గోడ నిలబడ్డాక, నియాసినమైడ్ పడిందని తేలాకే. మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు డాక్టరు చెప్తేనే, చెప్పినన్ని వారాలే. ఏళ్ల తరబడి వాడితే మచ్చ పోకపోగా నీలిబూడిద రంగు చర్మం లోపలే స్థిరపడే ప్రమాదం ఉంది, దాన్ని తీయడం చాలా కష్టం.

మీరు అడగకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. "మంగు క్రీమ్" పేరుతో ఎవరో ఇచ్చిన ట్యూబులో స్టెరాయిడ్ ఉందేమో చూడండి. మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లువోసినోలోన్ అన్న పేర్లు కనిపిస్తే స్టెరాయిడే. మొదటి రెండు వారాలు ముఖం మెరిసిపోతుంది, అందుకే జనం వదలరు. ఆ తర్వాత చర్మం పల్చబడి సన్న ఎర్ర నరాలు తేలడం, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, ఆపగానే ఎర్రగా మండిపోవడం. 50 దాటిన చర్మం ముందే పల్చబడి ఉంటుంది, అక్కడ ఈ నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుణ్ని కలవండి. పదార్థాల పేర్లు లేని డబ్బాలైతే ముట్టుకోవద్దు. తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలపడం ఇప్పటికీ ఉంది. పాదరసాన్ని అరికట్టడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం మొదట దాన్ని 10 లక్షల భాగాల్లో ఒక భాగానికి మించకూడదంది, 2025 నుంచి అసలే కలపకూడదంటోంది. అది చర్మంతో ఆగదు, మూత్రపిండాల దాకా వెళ్తుంది.

ఇక నుదుటి అంచు. నలుపు ఎక్కడెక్కడ ఉందో వెలుతురులో చూడండి. జుట్టు అంచు వెంబడి, కణతల మీద, చెవుల ముందు, మెడ వెనక పరుచుకుని, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటే మొదట అనుమానించాల్సింది హెయిర్ డైనే. అందులోని పీపీడీ అనే పదార్థం పడనప్పుడు దురద, ఎరుపు లేకుండానే నెమ్మదిగా నల్లబరిచే రకం ఎలర్జీ కూడా వస్తుంది. మంగు అయితే చెంప ఎముకలు, నుదుటి మధ్య, పై పెదవి మీద, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. డై ఆపకుండా ఎన్ని సీరంలు రాసినా ఆ నలుపు పోదు. "సహజం", "హెర్బల్" అని రాసిన వాటిలో కూడా పీపీడీ ఉండొచ్చు, వెనక అక్షరాలు చదవండి. చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకుంటే ఖాయంగా తెలుస్తుంది. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలకి తీసి చూస్తారు, ఆ తర్వాత రెండు మూడు రోజులకి ఇంకోసారి చూస్తారు. మొదటిసారి ఏమీ లేదని వెళ్లిపోకండి, ఆలస్యంగా బయటపడేవీ ఉంటాయి.

మెడ మీద నలుపు వెల్వెట్ గుడ్డలా మందంగా ఉంటే అది మంగూ కాదు, డై కూడా కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి గుర్తు కావచ్చు. రక్తంలో చక్కెర చూపించుకోండి. అకస్మాత్తుగా చర్మం బాగా పొడిబారి అలసట, బరువు కూడా తోడైతే థైరాయిడ్ కూడా. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతుంటే ఎండకి చర్మం తొందరగా కందుతుంది, ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. నెల దాటినా మానని పుండు, ఆకారం లేదా రంగు మారుతున్న పుట్టుమచ్చ ఉంటే క్రీముల మాట తర్వాత, ముందు చూపించుకోండి.

బ్రష్‌పెట్టె:

రంగు కలిసిన సన్‌స్క్రీన్ మాట సరైనది. అదే అయితే ఫౌండేషన్ మొత్తం ముఖానికి వేయక్కర్లేదు, మంగు మీద కన్సీలర్ చుక్కలు పెట్టి అంచులు మాత్రం అద్ది కలిపితే చాలు. మచ్చ మధ్యలో రుద్దకండి.

వేడి ఆవిర్లకి. చెమట పోస్తుండగా పౌడర్ వేస్తే తడిలో కలిసి ముద్దై ఆరాక పగుళ్లు తేలుతుంది. చెమట ఆగేదాకా ఏమీ చేయకండి. ఆగాక టిష్యూ పరిచి ఒత్తండి, తుడవకండి. తర్వాత తడి స్పాంజితో, ఏమీ అద్దకుండా, చెదిరిన చోట నొక్కితే కింద ఉన్న ఫౌండేషనే మళ్లీ సర్దుకుంటుంది. కొత్త పొర వేసేది అదీ చాలకపోతేనే. బయట ఎండలో ఉంటే రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ మళ్లీ కావాలి. రంగు కలిసినది స్పాంజి మీద వేసి చెంపలు, ముక్కు, నుదురు మీద అద్దుతూ రెండు విడతలుగా వేయండి. పౌడర్ సన్‌స్క్రీన్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు, తగినంత మందం రావాలంటే పిండి ముద్దలా వేయాల్సి వస్తుంది.

రాత్రి తీసేటప్పుడు ఆయిల్ లేదా బామ్‌ని పొడి చేతులతో పొడి ముఖం మీద నిమిషం పాటు మెల్లగా తిప్పండి. తర్వాత చేతులు తడిపి మళ్లీ తిప్పితే పాలలా తెల్లగా మారుతుంది. అలా మారాకే కడగాలి, లేకపోతే నూనె చర్మం మీదే ఉండిపోతుంది. ఆ తర్వాత మీ మెత్తటి క్లెన్సర్. మేకప్ వైప్స్ వద్దు, రుద్దుడే కాక వాటి తడి కడగకుండా ముఖం మీద ఆరిపోతుంది. కాటుకకి దూది తడిపి కన్ను మూసి రెప్ప మీద ముప్పై సెకన్లు ఆనించి ఉంచండి, ఆ తర్వాత ఒక్కసారి కిందికి జార్చండి. వాటర్‌ప్రూఫ్ మస్కారా రోజూ వద్దు. తీయడానికి రుద్దే రుద్దుడుకి ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయి. గోరువెచ్చని నీళ్లకి గొట్టాల్లా జారిపోయే ట్యూబింగ్ మస్కారా ఈ వయసు కళ్లకి హాయి. ఏ మస్కారా అయినా తెరిచిన మూడు నెలలకి పారేయాలి, కాటుక పెన్సిల్ వారానికోసారి చెక్కితే పై పొర పోయి శుభ్రంగా ఉంటుంది.